మోకాలి కీలులో ఆఖరి సూది

హైదరాబాద్‌లో హైదర్‌గూడ అపోలో మొదలుకొని హిమాయత్‌నగర్, నారాయణగూడ దాకా ఉన్న ఆసుపత్రులకు మోకాలి ఆర్థ్రోస్కోపీ కోసం వచ్చేవాళ్లలో రెండు రకాలవాళ్లు ఎక్కువగా కనిపిస్తారు. మొదటివాళ్లు కుర్రాళ్లు. బండి మీంచి పడినవాళ్లు, కబడ్డీలోనో ఫుట్‌బాల్‌లోనో కాలు మెలికపడి లిగమెంటు తెగినవాళ్లు, అశోక్‌నగర్ హాస్టళ్లలో ఉండి చదువుకుంటూ ఎస్సై, కానిస్టేబుల్ ఫిజికల్ పరీక్షల కోసం తెల్లవారకముందే పరుగు సాధన చేస్తూ మోకాలు దెబ్బతీసుకున్నవాళ్లు. రెండోవాళ్లు యాభై దాటినవాళ్లు. మెట్లెక్కుతుంటే మోకాలు పట్టేస్తోందని వెళ్తే ఎమ్మారై తీయిస్తారు, రిపోర్టులో 'మెనిస్కస్ చిరిగింది' అని, అంటే మోకాలి ఎముకల మధ్య మెత్తలా ఉండే పొర చిరిగిందని, వస్తుంది, కీహోల్ ఆపరేషన్ మాట అక్కడ మొదలవుతుంది. ఇద్దరికీ వెన్నులో మత్తు సూది ఇస్తారు, చిప్పకు ఇరుపక్కలా చిన్న చిల్లులు పెట్టి ఒకదాంట్లోంచి కెమెరా, రెండోదాంట్లోంచి పనిముట్లు పంపిస్తారు. ఇద్దరూ అడిగేది ఒకటే: "డాక్టరుగారూ, తర్వాత నొప్పి ఎంత ఉంటుంది?"

దానికి సర్జన్లు సాధారణంగా ఇచ్చే జవాబు, "లోపల ఇంజక్షన్ వేస్తాం, పెద్దగా ఉండదు" అని. ఆ ఇంజక్షన్ గురించే ఈ వ్యాసం.

అది పడేది ఆపరేషన్ చివరి అయిదు నిమిషాల్లో. అప్పటిదాకా కీలును ఉబ్బించి ఉంచిన సెలైన్‌ను పీల్చేస్తారు. స్టెరైల్ బేసిన్‌లో బుపివకైన్ అనే తిమ్మిరి మందు పోస్తారు, అందులో మత్తు డాక్టరు అందించిన రెండో మందు కలుస్తుంది, ఒక్కోసారి మూడోదీ కలుస్తుంది. ఇరవై మిల్లీలీటర్ల సిరంజిలోకి లాగి, కెమెరా వెళ్లిన దారిలోంచే కీలులోకి ఎక్కిస్తారు. చిల్లులకు ఒక్కో కుట్టు వేసి, దూది పొర మీద క్రేప్ బ్యాండేజీ గట్టిగా చుడతారు. తొడ మీద బిగించిన టూర్నికేను వెంటనే వదలకుండా కొందరు పది నిమిషాలు ఆగుతారు, మందు రక్తంలోకి కొట్టుకుపోకుండా కీలులోనే పట్టి ఉండాలని. డ్రెయిన్ గొట్టం పెట్టిన కేసుల్లో దాన్ని కాసేపు మూసి ఉంచుతారు, లేకపోతే ఇచ్చిన మందంతా సీసాలోకి దిగిపోతుంది. కేసుషీటులో ఒక్క ముక్క రాస్తారు. డిశ్చార్జ్ సమ్మరీలోకి ఆ ముక్క ఎక్కవచ్చు, ఎక్కకపోనూవచ్చు. తన మోకాలిలో ఏం పోశారో తెలియకుండానే పేషెంటు ఇంటికి వెళ్లిపోతాడు.

ఈ సూది నిజంగా పనిచేస్తుందా, ఏ మందు, ఎన్ని గంటలు, దానివల్ల కీలుకు చెడు జరుగుతుందా అన్న ప్రశ్నల మీద ముప్పై ఏళ్లకు పైగా వందల కొద్దీ పరిశోధన పత్రాలు వచ్చాయి. వాటిని వరసగా చదివితే నాకు అర్థమైంది ఇది: మందుల పట్టిక ఏటేటా పెరిగింది గాని, నొప్పిని కొలిచే తీరు బాగుపడలేదు. నొప్పే లేనివాళ్లను కూడా లెక్కలో కలిపి మందు గొప్పదని తేల్చిన అధ్యయనాలు చాలా ఉన్నాయి. పేషెంటుకు నిజంగా కష్టమయ్యే మొదటి రాత్రిని గట్టిగా పట్టించుకున్నవి తక్కువ.

మోకాలిలో నొప్పి ఎక్కడ పుడుతుందో తెలిస్తే మిగతాది సులువుగా అర్థమవుతుంది. ఈ విషయంలో అందరూ చెప్పుకోవలసిన పేరు స్కాట్ డై. శాన్‌ఫ్రాన్సిస్కోకు చెందిన ఈ ఎముకల డాక్టరు తన రెండు మోకాళ్లకూ ఆర్థ్రోస్కోపీ చేయించుకున్నాడు, అదీ కీలు లోపల మత్తు లేకుండా. చిల్లు పెట్టే చోట చర్మానికి మాత్రమే తిమ్మిరి మందు వేయించుకుని, సహచరుడు లోపలి భాగాలను ఒక్కొక్కటిగా మొద్దు కొక్కెంతో నొక్కుతుంటే ఎక్కడ ఎంత నొప్పి వస్తోందో చెబుతూ పోయాడు. 1998లో అచ్చయిన ఆ పత్రం ప్రకారం చిప్ప వెనకాల ఉన్న గుజ్జును, అంటే కార్టిలేజ్‌ను, నొక్కితే ఏమీ తెలియలేదు. మెనిస్కస్ లోపలి అంచు దగ్గర నొప్పి స్వల్పం, బయటి అంచు దగ్గర అంతకంటే ఎక్కువ. కీలు లోగోడకు అతుక్కుని ఉండే పల్చటి సైనోవియం పొర, చిప్ప కింద ఉండే కొవ్వు గడ్డ, కీలు సంచి తగిలినప్పుడు మాత్రం ఓర్చుకోలేనంత నొప్పి. కీలులోకి ఎక్కించిన ద్రవం సరిగ్గా ఈ పొర మీదే పరుచుకుంటుంది. కాబట్టి సూది వెనక ఉన్న ఆలోచన సబబైనదే. చిరిగిన మెనిస్కస్ ముక్క కత్తిరించినప్పుడు పనిచేయాల్సిన చోటికే మందు చేరుతుంది. అదే లిగమెంటు కొత్తగా వేసినప్పుడు కథ వేరు. అక్కడ తొడ వెనక కండరం నుంచి స్నాయువు తీగ కోస్తారు, తొడ ఎముకలో, కాలి ఎముకలో సొరంగాలు తొలుస్తారు. ఆ నొప్పి కీలు బయటిది. లోపల పోసిన మందు అక్కడికి వెళ్లదు.

ముందుగా తిమ్మిరి మందుల సంగతి. జైలోకైన్ పేరుతో అందరికీ తెలిసిన లిగ్నోకైన్ ఒకటి రెండు గంటలు ఉంటుంది. బుపివకైన్, రోపివకైన్ అంతకంటే ఎక్కువసేపు, సుమారుగా నాలుగు నుంచి ఎనిమిది గంటలు. డెన్మార్క్‌కు చెందిన మోయ్‌నికే బృందం 1999లో అప్పటివరకు వచ్చిన 20 ట్రయల్స్‌ను, దాదాపు తొమ్మిది వందల మంది పేషెంట్లను కలిపి చూసి, ఉపశమనం ఉన్న మాట నిజమేగాని అది కొద్దిపాటిదేనని, కొద్ది గంటలదేనని తేల్చింది. ఆ తర్వాత వచ్చిన సమీక్షలూ దాదాపు ఆ చుట్టుపక్కలే తిరిగాయి. నా దృష్టిలో దీన్ని చిన్నచూపు చూడనక్కర్లేదు. పొద్దున ఆపరేషన్ చేయించుకుని సాయంత్రానికి ఇంటికి వెళ్లే మనిషికి ఆ కొద్ది గంటలు విలువైనవే.

కాని మన ఆసుపత్రుల్లో ఒక చిక్కుంది. ఆ ట్రయల్స్‌లో చాలా భాగం జనరల్ అనస్తీషియా ఇచ్చిన పేషెంట్ల మీద చేసినవి. వాళ్లు కళ్లు తెరిచేసరికే నొప్పి మొదలవుతుంది, కీలులోని మందు అప్పుడు అక్కరకొస్తుంది. ఇక్కడ మోకాలి ఆపరేషన్లకు ఎక్కువగా ఇచ్చేది స్పైనల్, అంటే వెన్నులో వేసే మత్తు సూది. నడుము కింద మూడు నాలుగు గంటలు ఏమీ తెలియదు. ఆపరేషన్ అయ్యాక కూడా రెండు గంటలు కాలు మొద్దుబారే ఉంటుంది. కీలులో పోసిన బుపివకైన్ ఆయుష్షులో మంచి భాగం ఆ స్పైనల్ నీడలోనే ఖర్చయిపోతుంది. స్పైనల్ పూర్తిగా దిగాక మిగిలేది కాస్తే. సూది వేశారు కదా అని నొప్పి మాత్ర ఆలస్యం చేస్తే, రెండు రక్షణలూ కొద్ది తేడాతో ఒకేసారి తొలగిపోయి రాత్రి ఎనిమిదికో తొమ్మిదికో నొప్పి ఒక్కసారిగా మీద పడుతుంది. "ఇంజక్షన్ పనిచేయలేదు" అని మర్నాడు ఫిర్యాదు చేసే పేషెంట్లకు జరిగేది తరచుగా ఇదే.

ఇక మార్ఫిన్. ఈ విషయంలో ఆశ పుట్టించిన పత్రం 1991లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. జర్మనీ శాస్త్రవేత్త క్రిస్టోఫ్ స్టైన్, ఆయన సహచరులు ఆర్థ్రోస్కోపీ చివర మోకాలిలో ఒక్క మిల్లీగ్రాము మార్ఫిన్ పోసి చూశారు. అదే మోతాదు నరంలోకి ఇచ్చినవాళ్లకంటే కీలులో ఇచ్చినవాళ్లకు నొప్పి తగ్గింది. మార్ఫిన్‌కు విరుగుడైన నలోక్సోన్‌ను కీలులోనే కలిపితే ఆ మేలు పోయింది. మెదడు, వెన్నుపాముల్లోనే ఉంటాయనుకున్న మార్ఫిన్ గ్రాహకాలు కీలులోని నరాల కొసల మీద కూడా ఉన్నాయని, వాపు ఉన్నచోట అవి మేలుకుంటాయని అప్పటికే జంతువుల్లో చూసిన సంగతి మనిషిలోనూ నిజమని తేలినట్టయింది. మత్తు రాదు, వాంతులు రావు, ఊపిరి మందగించదు, ఖర్చు రూపాయల్లో. ఇంతకంటే ఏం కావాలి? ప్రపంచమంతా మార్ఫిన్ పోయడం మొదలుపెట్టింది. మన దేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కారణంగా మార్ఫిన్ నిల్వ పెట్టుకోవడమే ఆసుపత్రులకు తలనొప్పి, చాలా చోట్ల లైసెన్సుల గొడవ పడలేక దాన్ని తెప్పించుకోవడమే మానేశారు. 2014లో చట్టాన్ని సవరించాక వెసులుబాటు వచ్చింది. అంతకుముందున్న ఆ ఇబ్బంది వల్లే ఇక్కడ మార్ఫిన్ బదులు ట్రమడాల్, ఫెంటనిల్ లాంటివి కీలులోకి చేరాయి. 2018లో ట్రమడాల్ కూడా ఆ చట్టం కిందికే వచ్చింది.

ఆ ఆశ ఎంతవరకు నిలిచింది? 1997లో ఫిన్లాండుకు చెందిన ఐయా కాల్సో బృందం ట్రయల్స్ అన్నీ చదివి, కొంత ఫలితం ఉండవచ్చు గాని అధ్యయనాల నాణ్యత బాగాలేదంది. 2001లో మరో సమీక్ష స్వల్పంగా మేలుందని చెప్పింది. 2005లో నార్వేకు చెందిన లీవ్ ఆర్నే రోస్‌లాండ్ సమీక్ష అసలు మేలు ఉన్నట్టు రుజువే లేదని తేల్చేసింది. 2016లో వచ్చిన కాక్రేన్ సమీక్ష 28 అధ్యయనాలను, 2,564 మంది పేషెంట్లను చూసింది. ఒక మిల్లీగ్రాము మార్ఫిన్‌కు, ఉత్తి సెలైన్‌కు తేడా కనిపించలేదు. అధ్యయనాలన్నీ చిన్నవని, సాక్ష్యం నాణ్యత తక్కువని కూడా రాసింది. పాతికేళ్ల పని ఇక్కడికి వచ్చి ఆగింది.

ఈ వరసలో రోస్‌లాండ్ పనిని ప్రత్యేకంగా చూడాలి. ఆయన మిగతావాళ్లు అడగని ప్రశ్న అడిగాడు: ఈ పేషెంట్లకు అసలు నొప్పి ఉందా? చిన్న ఆర్థ్రోస్కోపీ తర్వాత చాలామందికి చెప్పుకోదగ్గ నొప్పే రాదు. అలాంటివాళ్లకు మార్ఫిన్ ఇచ్చినా నీళ్లు ఇచ్చినా నొప్పి స్కేలు మీద అంకె చిన్నదే వస్తుంది. ఒక గుంపులో అలాంటివాళ్లు అనుకోకుండా ఎక్కువమంది పడితే ఆ గుంపుకు ఇచ్చిన మందు గొప్పదైపోతుంది. అందుకని ఆయన ఆపరేషన్ చివర మందు పోయకుండా కీలులో సన్నటి గొట్టం మాత్రం వదిలాడు. మత్తు దిగాక ఓ మోస్తరు నుంచి తీవ్రమైన నొప్పి వచ్చినవాళ్లను మాత్రమే ట్రయల్‌లోకి తీసుకుని, చీటీ వేసి కొందరికి మార్ఫిన్ కలిపిన సెలైన్, కొందరికి ఉత్తి సెలైన్ ఇచ్చాడు. రెండు గుంపులకూ నొప్పి తగ్గింది, బాగానే తగ్గింది, తేడా లేకుండా తగ్గింది. సెలైన్ నొప్పి పుట్టించే రసాయనాలను పలచన చేసిందా, మందు పడిందన్న నమ్మకం పనిచేసిందా, లేక ఆ నొప్పి ఎలాగూ ఒకటి రెండు గంటల్లో దిగిపోయేదేనా? మూడూ కలిసే ఉండవచ్చు. ఏదైనా, మార్ఫిన్‌కు దక్కిన పేరులో ఎంతో భాగం మార్ఫిన్‌ది కాదని ఆ పద్ధతి బయటపెట్టింది.

ఎవరి మీద, ఏ స్థితిలో పరీక్షించామన్నది తప్పితే ఎన్ని వందల ప్రయోగాలు చేసినా జవాబు తప్పుతుందని చెప్పడానికి మన ఊరి చరిత్రలోనే ఇంతకంటే పెద్ద ఉదాహరణ ఉంది. హైదర్‌గూడ నుంచి కింగ్‌కోఠి మీదుగా వెళ్తే కోఠిలో పాత రెసిడెన్సీ భవనం వస్తుంది. అక్కడి రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ, అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలోనూ హైదరాబాద్ మెడికల్ స్కూల్‌లోనూ పెద్ద. క్లోరోఫాం ఇచ్చినప్పుడు మనిషి చనిపోతే, గుండె ఆగి చనిపోతున్నాడా, ఊపిరి ఆగి చనిపోతున్నాడా అన్నది ఆనాటి పెద్ద వాదం. ఊపిరే అని లారీ నమ్మకం. 1888లో మొదటి హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్ ఆ మాటే చెప్పింది. లాన్సెట్ పత్రిక ఒప్పుకోలేదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఖర్చు భరించి లాన్సెట్ ప్రతినిధినే రప్పించాడు. లండన్ నుంచి లాడర్ బ్రంటన్ వచ్చాడు. 1889 చివర్లో రెండో కమిషన్ వందల కొద్దీ కుక్కల మీద, కోతుల మీద ప్రయోగాలు చేసింది. గుండె వాదంతో వచ్చిన బ్రంటన్ ఇక్కడ చూసినదానితో మనసు మార్చుకున్నాడు. గుండెను చూడనక్కర్లేదు, ఊపిరిని కనిపెట్టుకుని ఉంటే చాలునని కమిషన్ తేల్చింది. ఆ రోజుల్లో ఇన్ని నిధులతో, ఇంత శ్రద్ధతో మత్తుమందు మీద జరిగిన పని అరుదు. ప్రపంచంలోనే తొలి మహిళా అనస్తీషియా వైద్యురాలిగా పేరున్న రూపాబాయి ఫర్దూన్‌జీ చదువుకున్నదీ ఈ వాతావరణంలోనే.

అయినా తీర్పు పొరపాటు. కమిషన్ ప్రయోగాల్లో జంతువులకు క్లోరోఫాం ఎక్కువగా, లోతుగా ఇచ్చారు. ఆ స్థితిలో ఊపిరే ముందు ఆగుతుంది. ఆపరేషన్ బల్ల మీద మనుషులు హఠాత్తుగా పోయేది మత్తు ఇంకా పలచగా ఉన్నప్పుడు, భయంతో, పెనుగులాటతో ఒంట్లో అడ్రినలిన్ పొంగినప్పుడు. 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లులకు తేలికపాటి క్లోరోఫాం ఇచ్చి సరిగ్గా ఆ స్థితిని కల్పించి చూశాడు. గుండె గతి తప్పి గిలగిలలాడి ఆగిపోయింది. కమిషన్ చేసిన కొలతల్లో తప్పు లేదు. కొలిచిన స్థితి వేరు, మనుషులు చనిపోయే స్థితి వేరు. నొప్పి లేని మోకాళ్ల మీద నొప్పి మందును కొలిచినవాళ్లదీ అదే తప్పు. ఊపిరిని కనిపెట్టుకుని ఉండాలన్న హైదరాబాద్ పాఠం మాత్రం ఎన్నో ప్రాణాలు కాపాడిందని కూడా ఇక్కడ చెప్పుకోవాలి.

మార్ఫిన్ వెనకపడ్డాక దాని స్థానానికి చాలా మందులు పోటీకొచ్చాయి. క్లోనిడిన్, కీటమిన్, నియోస్టిగ్మిన్, మెగ్నీషియం సల్ఫేట్, కీటోరోలాక్, ఈమధ్య డెక్స్‌మెడెటొమిడిన్. బుపివకైన్‌కు వీటిలో ఒకటి కలిపితే నొప్పి ఇంకో రెండు మూడు గంటలు ఆలస్యంగా మొదలైందని చెప్పే పత్రాలు కుప్పలు. వాటిలో చాలా భాగం మన దేశం నుంచే. కారణం అందరికీ తెలిసిందే. ఎండీ అనస్తీషియా చదివే ప్రతి పీజీ థీసిస్ చేయాలి. మూడేళ్లలో ముగియాలి, ఖర్చు లేకుండా జరగాలి. 'ఈ మందు, ఆ మందు, గుంపుకు ముప్పై మంది' అన్నది దానికి చక్కగా సరిపోయే నమూనా. ఈ పిల్లల కష్టాన్ని నేను తక్కువ చేయను. రాత్రి డ్యూటీలు చేస్తూ, వార్డులో ఒక్కో మంచం దగ్గర ఆగి "సున్నా నుంచి పదిలో మీ నొప్పి ఎంత?" అని అడిగి రాసుకున్నవాళ్లు వాళ్లు. కాని గుంపుకు ముప్పై మందితో చిన్న తేడా నిజమో యాదృచ్ఛికమో చెప్పలేం. తేడా రాని థీసిస్‌లు అచ్చు కాకుండా బీరువాల్లో ఉండిపోతాయి, వచ్చినవే పత్రికల్లోకి ఎక్కుతాయి. చదివేవాళ్లకు ప్రతి మందూ పనిచేసినట్టే కనిపిస్తుంది. పైగా డెక్స్‌మెడెటొమిడిన్, క్లోనిడిన్ కీలులోంచి రక్తంలోకి చేరి నాడిని, బీపీని తగ్గించగలవు. అప్పుడు పనిచేసింది కీలులోనా, ఒళ్లంతానా? అదే మోతాదును నరంలోకి ఇచ్చిన మూడో గుంపు ఉంటే తప్ప చెప్పలేం. స్టైన్ 1991లోనే అలా చేశాడు. తర్వాత వచ్చిన చాలామంది దాన్ని వదిలేశారు.

ఈ రంగానికి తగిలిన పెద్ద దెబ్బ ఒకటి అమెరికా నుంచి వచ్చింది. ఎముకల ఆపరేషన్ల తర్వాత నొప్పి మీద ఎన్నో పత్రాలు రాసి, అందరూ ఉదహరించే నిపుణుడుగా వెలిగిన మసాచుసెట్స్ అనస్తీషియా వైద్యుడు స్కాట్ రూబెన్, 21 పత్రాల్లో లెక్కలు కల్పించి రాశాడని 2009లో బయటపడింది. కొన్నింటిలో పేషెంట్లే లేరు. 2010లో ఆయనకు ఆరు నెలల జైలు శిక్ష పడింది. ఆయన పత్రాలను నమ్మి మందులు రాసిన డాక్టర్ల తప్పు లేదు, ఆ మందులు మింగిన పేషెంట్ల తప్పు అసలే లేదు. చిన్న చిన్న ట్రయల్స్‌ను కూడబెట్టి సమీక్ష రాసే పద్ధతికి ఉన్న బలహీనత అప్పుడు అందరికీ కనిపించింది.

స్టెరాయిడ్ సంగతి వేరు. మిథైల్ ప్రెడ్నిసొలోన్ లాంటిది 40 మిల్లీగ్రాములు ఆపరేషన్ చివర కలిపితే వాపు, నొప్పి తగ్గి మనిషి త్వరగా నడుస్తున్నాడని డెన్మార్క్ ట్రయల్స్‌లో కనిపించింది. పనితనం విషయంలో మార్ఫిన్ కంటే దీనికే సాక్ష్యం మెరుగు. అయినా నేనైతే నా ఇంట్లోవాళ్లకు వద్దంటాను. అమెరికాలో బీమా రికార్డులను తిరగేసిన అధ్యయనాలు, ఆర్థ్రోస్కోపీ రోజునే కీలులో స్టెరాయిడ్ వేసినవాళ్లలో కీలు ఇన్ఫెక్షన్లు ఎక్కువని చూపించాయి. ఆపరేషన్‌కు ముందు కొద్ది వారాల్లో వేసినా అంతే. మామూలుగా ఆర్థ్రోస్కోపీ తర్వాత కీలులో చీము పట్టడం చాలా అరుదు. కాని పడితే మళ్లీ థియేటర్‌కు తీసుకెళ్లి కడగాలి, వారాల తరబడి యాంటీబయాటిక్స్ ఎక్కించాలి, గుజ్జు పాడవుతుంది. ఇంటింటా షుగరు ఉన్న మన ఊళ్లో ఒక రోజు హాయి కోసం ఆ ప్రమాదం కొనుక్కోవడం నాకు న్యాయంగా తోచదు.

గుజ్జు మాట వచ్చింది గనక కీలులో పోసే మందుల చరిత్రలో అన్నిటికంటే చేదు అధ్యాయం చెప్పాలి. 2000 తర్వాతి ఏళ్లలో పెయిన్ పంపులు వచ్చాయి. బెలూన్ లాంటి సంచిలో బుపివకైన్ నింపి, సన్నటి గొట్టంతో కీలులోకి రెండు మూడు రోజులు ఆగకుండా చుక్కచుక్కగా పంపుతారు. నొప్పి నిజంగానే తగ్గింది. కొన్ని నెలలకు, ముఖ్యంగా భుజం ఆర్థ్రోస్కోపీ చేయించుకున్న కుర్రాళ్లలో, కీలు బిగుసుకుపోవడం, కదిపితే కిరకిరలాడటం మొదలైంది. ఎక్స్‌రే తీస్తే ఎముకకూ ఎముకకూ మధ్య సందు లేదు, గుజ్జు కరిగిపోయింది. ఈ జబ్బు పేరు కాండ్రోలైసిస్. 2009 నవంబరులో అమెరికా ఎఫ్‌డీఏ 35 కేసులను ప్రస్తావిస్తూ తిమ్మిరి మందుల లేబుళ్ల మీద హెచ్చరిక వేయించింది. వాటిలో దాదాపు అన్నీ భుజానివే. లక్షణాలు రెండో నెల నుంచే మొదలయ్యాయి, సగానికి పైగా మళ్లీ ఆపరేషన్ దాకా వెళ్లాయి. అప్పటికే 2006లో కాన్‌స్టన్స్ చూ బృందం ల్యాబులో ఆవు కీలు గుజ్జు కణాలను 0.5 శాతం బుపివకైన్‌లో ఉంచితే అవి కొద్దిసేపట్లోనే చనిపోతున్నాయని చూపించింది. మందు గాఢత, తగిలి ఉన్న సమయం పెరిగేకొద్దీ నష్టం పెరుగుతుంది. రోపివకైన్‌తో నష్టం తక్కువ.

ఒక్కసారి వేసే సూదికి దీన్ని అంటగట్టకూడదు. ఇరవై మిల్లీలీటర్లు ఒక్కసారి పోస్తే మోకాలి గుజ్జు కరిగిపోతుందని చూపే గట్టి సాక్ష్యం మనుషుల్లో లేదు. మోకాలి కీలు భుజం కంటే విశాలం, మందు త్వరగా పలచబడి వెళ్లిపోతుంది. కాని జాగ్రత్త ఖర్చులేనిది: 0.5 శాతం బదులు పలచటిది వాడవచ్చు, రోపివకైన్ దొరికితే అది వాడవచ్చు, ఇరవై ఏళ్ల కుర్రాడి ఆరోగ్యమైన గుజ్జు మీద రోజుల తరబడి పంపు పెట్టకూడదు. మోతాదు లెక్క కూడా ఒకటుంది. అడ్రినలిన్ కలపని బుపివకైన్ ఒంటి బరువు కిలోకు రెండు మిల్లీగ్రాములు దాటకుండా చూసుకుంటారు. అరవై కిలోల మనిషికి 120. ఇరవై మిల్లీలీటర్ల 0.25 శాతం అంటే 50, అదే 0.5 శాతమైతే 100. సర్జను చిల్లుల దగ్గర చర్మం కింద వేసింది, మత్తు డాక్టరు నరం బ్లాకుకు వాడింది, కీలులో పోసింది, ఈ మూడూ ఒకే మనిషి రక్తంలోకే చేరతాయి. మూడూ కలిపి ఎవరో ఒకరు కూడాలి. దాటితే తల తిరగడం, చెవుల్లో హోరు, ఫిట్స్, గుండె గతి తప్పడం దాకా వెళ్లవచ్చు.

నరం బ్లాకుల గురించి క్లుప్తంగా. గజ్జలో తొడ నరానికి మందు ఇస్తే నొప్పి బాగా తగ్గుతుంది, తొడ కండరం కూడా పడుకుంటుంది. లేచి నిలబడబోతే మోకాలు మడతపడి పడిపోయే ప్రమాదముంది. అందుకని అల్ట్రాసౌండ్ చూస్తూ తొడ మధ్యలో ఇచ్చే అడక్టర్ కెనాల్ బ్లాకుకు మారారు. బలం చాలావరకు నిలుస్తుంది. లిగమెంటు ఆపరేషన్‌కు ఇది పనికొస్తుంది. మెనిస్కస్ ముక్క తీయడానికి ఇంత అక్కర్లేదు.

వీటన్నిటికీ ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది, యాభై దాటినవాళ్ల గురించి. 2002లో అమెరికాలో హ్యూస్టన్ వైద్యులు మోకాలు అరిగిన 180 మందిలో కొందరికి ఆర్థ్రోస్కోపీ చేసి, కొందరికి చర్మం మీద గాట్లు మాత్రమే పెట్టి కుట్టేశారు. రెండేళ్లకు రెండు గుంపులకూ తేడా లేదు. 2013లో ఫిన్లాండులో, అరుగుదల వల్ల మెనిస్కస్ చిరిగిన 146 మంది మీద చేసిన ట్రయల్‌లోనూ అంతే. 2017లో బీఎంజే వైద్య పత్రిక నిపుణుల బృందం అరుగుదల మోకాళ్లకు ఆర్థ్రోస్కోపీ వద్దని గట్టిగా సిఫారసు చేసింది. ఆ వయసువాళ్లలో మోకాలు బాధించకపోయినా ఎమ్మారై తీస్తే చాలామందికి మెనిస్కస్ చిరుగు కనిపిస్తుంది. కాబట్టి నారాయణగూడలో ఏ అత్తమ్మకైనా రిపోర్టు చూసి ఆపరేషన్ అంటే, సూదిలో ఏం కలుపుతారని అడగడానికంటే ముందు మూడు నెలలు ఫిజియోథెరపీ చేసి చూద్దామా అని అడగడం మేలు. తెగిన లిగమెంటుతో మోకాలు జారిపోతున్న ఆటగాడి సంగతి ఇది కాదు. పుల్లెల గోపీచంద్‌కు 1994లో మోకాలు దెబ్బతింది, ఆపరేషన్ల తర్వాత 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచాడు. అలాంటి మోకాలికి సర్జరీ అవసరమే, దాని తర్వాతి నొప్పి కూడా నిజమైనదే.

ఆ నొప్పికి మొదటి రాత్రి చేయాల్సినవి తెలిసినవే, చవకైనవే. స్పైనల్ దిగి కాలి వేళ్లు కదలడం మొదలవగానే, నొప్పి రాకముందే, పారాసెటమాల్ పడాలి. కిడ్నీ, కడుపు, గుండె ఇబ్బందులు లేనివాళ్లకు దానితోపాటు వాపు తగ్గించే మాత్ర, కొద్ది రోజులు, గంట ప్రకారం. నొప్పి వచ్చాక వేసుకుందామని కూర్చుంటే మాత్ర ఎక్కేలోపు రాత్రి గడవదు. బట్ట చుట్టిన ఐసు పదిహేను ఇరవై నిమిషాలు, రోజుకు చాలాసార్లు. మడమ కింద దిండు పెట్టాలి, మోకాలి కింద కాదు. మోకాలి కింద పెడితే హాయిగా ఉంటుందిగాని కాలు వంగి బిగుసుకుంటుంది. తొడ కండరం బిగించి వదలడం ఆ సాయంత్రమే మొదలుపెట్టాలి. అశోక్‌నగర్‌లో లిఫ్టులేని మూడో అంతస్తు గది, ఇండియన్ టాయిలెట్, గదిలో తోడుగా మరో విద్యార్థి మాత్రమే ఉన్న కుర్రాడికి సూదిలో కలిపే ఏ మందుల మిశ్రమం కంటే కూడా ఒక రాత్రి ఆసుపత్రిలో ఉండటమే ఎక్కువ నొప్పి తగ్గిస్తుంది. ఆ సంగతి డాక్టరుకు అతనే చెప్పాలి, ఎందుకంటే కేసుషీటులో ఎన్నో అంతస్తు అన్న గడి ఉండదు. పిక్కలో నొప్పి, వాపు వచ్చినా, జ్వరంతో మోకాలు ఎర్రబడి వేడెక్కినా, మాత్రలకు లొంగని నొప్పి రోజురోజుకూ పెరుగుతున్నా అది మామూలు నొప్పి కాదు, ఆ రోజే వెళ్లాలి.

ఇక పరిశోధన. ఉస్మానియా, గాంధీ లాంటి చోట్ల మోకాలి ఆపరేషన్లకు కొదవ లేదు, పీజీలకు కొదవ లేదు. ఏడాదికో కొత్త మందు, గుంపుకు ముప్పై మంది అన్న పద్ధతి వదిలి, నాలుగైదు కాలేజీలు కలిసి ఒకే ప్రశ్న మీద వందల మందితో ఒకే ట్రయల్ చేయవచ్చు. స్పైనల్ ఇచ్చినవాళ్లనే తీసుకోవాలి, మన దగ్గర జరిగేది అదే కాబట్టి. మెనిస్కస్‌ను, లిగమెంటును కలిపేయకూడదు. ఒక గుంపుకు పలచటి రోపివకైన్, ఒక గుంపుకు సెలైన్, అందరికీ గంట ప్రకారం మాత్రలు. రోస్‌లాండ్ చేసినట్టు, స్పైనల్ దిగాక నొప్పి వచ్చినవాళ్ల లెక్క విడిగా చూడాలి. నొప్పి అంకెను రెండో గంటకు, ఆరో గంటకు మాత్రమే కాదు, రాత్రి రెండింటికి కూడా అడగాలి. నిద్ర పట్టిందా, లేచి బాత్‌రూముకు వెళ్లగలిగాడా, మర్నాడు కాలు చాచి ఎత్తగలిగాడా అన్నవి రాసుకోవాలి. ఏడాది తర్వాత వాళ్లనే పిలిచి మోకాలు చూడాలి. ఫలితం ఏది వచ్చినా, మందుకు, సెలైన్‌కు తేడా లేదని వచ్చినా సరే, అచ్చు వేయాలి.